మూడు ఎండల మాగాయ

అమ్మా,

నువ్వు లేకుండా పెట్టిన మొదటి మాగాయ ఇది. ఉప్పులో ఊరిన మామిడి ముక్కలను పిండి, నిన్న ఎల్బీనగర్ డాబా మీద నేనే ఎండబెట్టాను.

బందరు నుంచి వచ్చిన కొత్తలో ఈ పొడిగాలికి మన పెదవులు పగిలేవి. ఇప్పుడు బందరు వెళ్తే అక్కడి ఉక్కపోతకు తట్టుకోలేకపోతున్నాను. ఒళ్లు మారింది. నీ మాగాయ మాత్రం మారలేదు. "గిది సముద్రం గాలి కాదు వదినా, ఒక్క ఎండ సాలు" అని కింది వాటాలో ఉండే నల్గొండ యాదమ్మ ఏటా చెప్పేది. "మాగాయకి మూడు ఎండలు పడాలి" అనేదానివి నువ్వు. ముక్కలు చెక్కల్లా అయ్యేవి.

ఈసారి యాదమ్మ మాట విన్నాను. సాయంత్రానికే గుప్పెడు ముక్కలు తీసి, కారం, ఊట కలిపి అన్నంలో వడ్డించాను. మెత్తగా, అచ్చం బందరులో తిన్నట్టే కుదిరింది. ఇక్కడే పుట్టిన నీ మనవరాలు రెండు ముద్దలు తిని ఆగింది.

"ఇదేం మాగాయ మమ్మీ? ఇట్ల కరిగిపోతుందేంది? అమ్మమ్మది ఎంతసేపు నమిలినా అయిపోదు."

పొద్దున్నే మిగతా ముక్కలను మళ్లీ ఎండలో పరిచాను. బట్టలు ఆరేయడానికి పైకొచ్చిన యాదమ్మ, "ఇంకా తీయలేదా బిడ్డా?" అంది.

"మాగాయకి మూడు ఎండలు పడాలి పిన్నీ" అన్నాను.