మెడకు రాసిన తెల్లసొన

మంగళవారం, రాత్రి.

కోడిగుడ్డు తెల్లసొన మెడకు రాసుకుని కూర్చున్నాను. ఆరేలోపు మాట్లాడితే పగిలిపోతుంది. అందుకే నోరు మూసుకుని డైరీ రాస్తున్నాను. మెడ ముడతలకు పార్లరులో చెప్పిన క్రీము కొనే స్తోమత నాకు లేదు. పొద్దున పెరట్లో కలబంద గుజ్జు, రాత్రి ఇది. రెండు నెలలైంది.

ప్రొద్దుటూరులో ఈ బంగారు అంగట్లో చేరి పద్దెనిమిదేళ్లు. ఏ హారమైనా నా మెడలో వేసి చూపించాకే అమ్ముడుపోయేది. ఇప్పుడు షావుకారు హారాలన్నీ కొత్తగా వచ్చిన షబానా మెడలో వేయిస్తున్నాడు. నేను పెట్టెలు తీసి అందిస్తున్నాను.

ఈరోజు జమ్మలమడుగు నుంచి ఒక పెద్దామె వచ్చింది. అరవై దాటి ఉంటాయి. షబానా వేసుకున్న కాసులపేరు చూసి పెదవి విరిచింది.

"ఆ పిల్లకు ఏమేసినా బాగుంటాది. నాకెట్లుంటాదో తెలియాల గదమ్మా. నువ్వేసుకో, నీది నా మెడ మాదిరే ఉండాది" అంది నాతో.

నాకు నలభై ఆరు.

వేసుకున్నాను. ఆమె తన మెడ తడుముకుంటూ నన్నే చూసి, బేరమైనా ఆడకుండా తీసుకుంది. షావుకారు మొహం వెలిగిపోయింది.

"సుజాతమ్మా, ఇంగ పెద్దోళ్లు ఎవరొచ్చినా నువ్వే ఏసి చూపియాల."

షబానా నవ్వు ఆపుకోవడం కనిపించింది. తప్పు ఆ పిల్లది కాదు.

ఇన్నాళ్లూ ఈ మెడ వల్ల ఉద్యోగం పోతుందని భయపడ్డాను. ఇప్పుడు దీనివల్లే నిలిచింది. మరి ఈ గుడ్లు, కలబంద ఎందుకో...

తెల్లసొన ఆరింది. అద్దంలో మెడ బిగుతుగా, ఒకప్పటి నా మెడలా ఉంది. కడగడానికి మనసు రావడం లేదు.