సారు అక్షరాలు కరిగిన రోజు

సోమవారం, నవంబర్ 2022
దుబాయ్

మా ప్రెస్సులోని సీసపు అక్షరాలన్నీ ఈరోజు అబుదాబి పక్కనున్న ముసఫ్ఫాలో ఒక కొలిమిలో కరిగిపోయాయి. వాటితోపాటు సారునూ బండిలో తీసుకెళ్లింది నేనే.

ప్రెస్సు యజమాని అయిన మా సారుకు చూపు పూర్తిగా పోయింది. ఇంగ్లీషు పుస్తకాలను చేత్తో అచ్చువేసే ఆ ప్రెస్సును ఇక నడపలేడు. అలాగని తన అక్షరాలు ఇంకొకరి చేతిలో పడటమూ ఆయనకు ఇష్టం లేదు. వెనకటికి ఇంగ్లాండులో ఒక ముద్రాపకుడు ఇలాగే తన అక్షరాలను నదిలో పారబోశాడట. ఆ సంగతి చెప్పేటప్పుడల్లా సారు గొంతులో గర్వం వినిపించేది. నేను మాత్రం దాన్ని కథలాగే విన్నాను.

కొలిమి దగ్గర పనిచేసే జగిత్యాల రాజన్న ఒక అక్షరాన్ని వేళ్ల మధ్య తిప్పి చూశాడు.

"గింత మంచిగున్నయి గదా అన్నా, ఎందుకు కరగవెడుతుండ్రు?"

నేను సారు వైపు తిరిగాను. "ఒక్క పెట్టె నాకివ్వండి సార్. ఎవరికీ అమ్మను."

"వద్దు, ఖలాస్," అన్నాడాయన.

రాజన్న అక్షరాలన్నీ కొలిమిలో పోసేశాడు. వాటిని పేర్చుతూనే నేను ఇంగ్లీషు చదవడం నేర్చుకున్నాను. అవి మెత్తబడి ఒకదానిలో ఒకటి కలిసిపోతుంటే చూడలేకపోయాను. "అన్నీ పోయాయా?" అని సారు రెండుసార్లు అడిగాడు.

తిరుగుదారిలో చాలాసేపటికి, "నీకు ఇంకెక్కడైనా పని దొరుకుతుందా?" అన్నాడు.

"నాకు వచ్చిన పని ఇదొక్కటే సార్."

నా సంగతి ఆయనకు అప్పుడే తట్టినట్టుంది.

ప్రెస్సుతోపాటు నా వీసా కూడా రద్దవుతుంది, ఆలోపు ఇంటికి ఫోన్ చేసి చెప్పాలి. నా భార్య ఫోనెత్తగానే, ఏమని మొదలుపెట్టను...