ఆయన పళ్ళెంలో మాంసం లేదు

మే 7, సోమవారం

మడ్‌గావ్‌లో డాక్టర్ దగ్గర పూట గడిచిపోయింది. జెఫెరీనో పాదాలు మళ్ళీ ఉబ్బాయి. వేలితో నొక్కితే పడిన గుంట ఎంతసేపటికీ పూడలేదు. నల్లబూట్లు పట్టక నిన్న చర్చికి చెప్పులతో వచ్చారు. పెళ్ళయిన యాభై ఏళ్ళలో ఆయన్ను అలా చూడటం ఇదే మొదలు.

డాక్టర్ ఆయన్ను వదిలి నన్ను అడిగాడు, ఏం పెడుతున్నారని. గుండె బలహీనంగా ఉంది, ఉప్పు ఎక్కడినుంచో లోపలికి పోతోంది, వానలు ముదిరేలోగా ఈ నీరు దించకపోతే ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది అన్నాడు. మార్చిలో బాగానే ఉన్నారే, ఈస్టర్ తర్వాత ఏమైందన్నాడు. ఎండలు, అన్నాను.

ముప్పై ఏళ్ళు హైస్కూల్లో గృహవిజ్ఞానం చెప్పాను. నాకే ఉప్పు పాఠం.

మే 8

ఇంట్లో శత్రువు ఒక్కటే, చొరీస్, ఎండుమిర్చి, వెనిగర్ పట్టించిన పంది మాంసం సాసేజ్. వంద గ్రాముల సాసేజ్‌లో కొవ్వు దాదాపు నలభై, మాంసకృత్తులు పదిహేను, ఉప్పు మూడున్నర. ఆయనకు రోజు మొత్తానికి ఐదు గ్రాముల ఉప్పు దాటకూడదు. మాంసకృత్తులే కావాలంటే ఒక గుడ్డు, ఒక చేప చాలు. ఇదంతా తెలిసీ ఆదివారం చొరీస్ వండని ఇల్లు ఈ ఊళ్ళో లేదు. ఆదివారం వండినది బుధవారం దాకా వేడిచేసుకుని తినని ఇల్లూ లేదు.

అందుకే నాలుగేళ్ళ కిందట నియమం పెట్టాను. కోడలు కితేరియా ఉల్లిపాయలు, బంగాళాదుంపలు వేసి వండుతుంది. నేను ఫోర్కుతో మాంసం ఏరేసి ఆయనకు బంగాళాదుంపలే పెడతాను. చిన్న ముక్క కూడా వెళ్ళనివ్వను. నాకు పిత్తాశయం తీసేశారు కాబట్టి నేను ఆ చట్టి జోలికే పోను. ఆయన ఇన్నేళ్ళలో ఒక్కసారి సణగలేదు. ఈ ఒక్క విషయంలో బుద్ధిమంతుడు.

మే 20, ఆదివారం

చర్చి ముందు సంత. వానాకాలానికి సరుకు కొన్నాం. ఎండుమిర్చి, ఎండురొయ్యలు, కోకం, చొరీస్ దండ. సాసేజ్‌లమ్మే పియెదాద్ మా ఆయన ఎలా ఉన్నాడని అడిగింది. ఉన్నారు అన్నాను. ఉన్నాడుగా, అయితే పెద్ద దండే తీసుకో అంది. నేను చిన్నది తీసుకున్నాను. వానల్లో చేపల పడవలు ఆగిపోతే పిల్లలు ఏం తింటారని కితేరియా నెమ్మదిగా అంది. సంచిలో ఇంకో దండ ఎప్పుడు చేరిందో నేను చూడలేదు. ఇంటికొచ్చాక చూశాను.

పొయ్యి మీద కట్టిన తాడుకు రెండూ వేలాడుతున్నాయి. ఆయన గుమ్మంలో కూర్చుని వాటినే చూస్తున్నారు.

మే 23

మెట్టు ఎక్కితే ఆయాసం.

మే 27, ఆదివారం

నిన్న ఆయన పడుకోలేకపోయారు. కుర్చీలో దిండ్లు పెట్టి కూర్చోబెట్టాను. బరువు పెరిగింది. తినేది నేనే పెడుతుంటే బరువెలా పెరుగుతుంది?

పొద్దున పిల్లల ముందే కితేరియాను అడిగాను, నా వెనక ఆయనకు మాంసం పెడుతున్నావా అని. రెండో దండ ఎవరికోసం కొన్నావని కూడా అన్నాను. ఆమె గరిటె కింద పెట్టి, చేతులు తుడుచుకుని జవాబిచ్చింది.

"అత్తయ్యా, మామయ్య పళ్ళెం మీద ఏనాడైనా నా చెయ్యి పడనిచ్చారా? ఏరేది మీరు, వడ్డించేది మీరు, మూత పెట్టేదీ మీరే. ఇక వంటొక్కటి మిగిలింది, అదీ మీరే చూసుకోండి."

పదహారేళ్ళలో ఎదురు చెప్పడం ఇదే మొదలు. దొరికిపోయినవాళ్ళు అలాగే మాట్లాడతారని అనుకున్నాను.

మే 28

వంట నేనే చేశాను. నడుము నొప్పి.

జూన్ 3, ఆదివారం. మధ్యాహ్నం మూడు

పిల్లలు అడిగారని చొరీస్ కూడా నేనే వండాను. ఎప్పటిలాగే మాంసం ఏరి ఆయనకు పెట్టాను. నాలుగు ముద్దలకే ఆయాసమొచ్చి పళ్ళెం తోసేశారు. ఈ ఇంట్లో అన్నం పారేయం. మిగిలినది నేను తిన్నాను.

రెండో ముక్కకే నాలుక చురుక్కుమంది. బంగాళాదుంప లోపలిదాకా ఎర్రగా ఉంది. నూనె, ఉప్పు, వెనిగర్ అన్నీ అందులోనే. ఇంకా నీళ్ళు తాగుతూనే ఉన్నాను.

కూరలో ఉప్పెక్కువైతే బంగాళాదుంప వేయండి, పీల్చేస్తుంది అని ఊళ్ళో సగం ఆడవాళ్ళకు నేర్పింది నేను. బోర్డు మీద బొమ్మ గీసి మరీ నేర్పాను.

మార్చిలో ఆయన బూట్లు పట్టాయి. మాంసం మానేసే తపస్సు కాలం అది. ఈస్టర్ దాకా చొరీస్ చట్టి పొయ్యెక్కలేదు. బంగాళాదుంపలూ లేవు.

అదే రోజు, సాయంత్రం

దుంపల సంగతి మీకు తెలుసా అని ఆయన్ను అడిగాను. కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పారు.

"తెలియకేం, లూదూ. పిప్పి పిల్లలంతా నమిలారు, సారం నాకొచ్చింది. అంత శ్రద్ధగా ఏరి పెడుతుంటే కాదని నీ మనసు కష్టపెట్టనా?"

నవ్వబోయి దగ్గారు. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు. నాకు కోపం రావాలి. వచ్చేంత ఓపిక లేదు. వీపు రాస్తూ కూర్చున్నాను.

జూన్ 4

డాక్టర్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. నీరు దించే మాత్ర పెంచాడు. మూడు వారాలు చూద్దాం, తగ్గకపోతే ఆసుపత్రిలో చేర్చాలన్నాడు.

పిల్లల ముందు నిందించాను కాబట్టి పిల్లల ముందే కితేరియాతో చెప్పాను, ఉప్పు పెట్టింది నేనని. నేను గరిటె అందించాను. ఆమె అందుకుని, పెద్ద చట్టి మూత ఎక్కడ పెట్టారని అడిగింది. వెతికి ఇచ్చాను.

జూన్ 10, ఆదివారం

కొత్త నియమం. సాసేజ్‌కు ఈ ఇంటి భోజనంలో చోటు లేదనను. పిల్లలకు ఉంది, ఎదిగే ఒళ్ళు. ఆయనకు నెలకు ఒక్క ముక్క, మాంసం ముక్కే. నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోశాక. బంగాళాదుంపలు వేరే గిన్నెలో, ఉప్పు లేకుండా, నిమ్మరసం పిండి.

నాలుగేళ్ళ తర్వాత ఆయన పళ్ళెంలో మాంసం పెట్టాను. చాలాసేపు నమిలారు. తడిసిన తాడులా ఉందన్నారు.

జూన్ 15

వాన విడవడం లేదు. పడవలు కదలడం లేదు. పాదం మీద గుంట తొందరగా పూడుతోంది. రెండు దిండ్లతో పడుకున్నారు. నేను పక్కనే కుర్చీలో పడుకున్నాను, రాత్రుళ్ళు కనిపెట్టుకునే అలవాటు పోలేదు.

జూన్ 24, ఆదివారం

సావ్ జువావ్ పండుగ. తలకు ఆకుల కిరీటాలు పెట్టుకుని ఊరి మగపిల్లలంతా బావుల్లోకి దూకుతున్నారు. ఆయన నల్లబూట్లు పట్టాయి. లేసులు కట్టడానికి నేను వంగాను.

పైనుంచి అడిగారు, "చట్టిలోని దుంపలు ఒక్క రెండు..."

ముడి బిగించాను.