మెస్ మూసిన వేసవి

మార్చి 4

మా మెస్‌లో తినేవాళ్ళలో ముగ్గురికి టైఫాయిడ్. దర్జీ అయితే ఆసుపత్రిలో ఉన్నాడు. ఒంటరి మనిషి, రెండు పూటలా మా దగ్గరే తింటాడు. తప్పంతా మునిసిపాలిటీ నీళ్ళదే. పన్ను కోసమైతే గుమ్మం దాకా వస్తారు, పైపు చూడమంటే ఒక్కడూ కదలడు. పొద్దున్నే వార్డు ఆఫీసుకు వెళ్ళి దులిపేసి వచ్చాను. మా ఆయన బయట స్కూటర్ మీదే కూర్చున్నాడు. లోపలికి ఎందుకు రాలేదంటే, వాళ్ళను చూస్తే జాలేస్తుందని రాలేదట.

మార్చి 6

నా నోరు పనిచేసింది. మునిసిపాలిటీ హెల్త్ డిపార్ట్‌మెంట్ నుంచి ఒకమ్మాయి వచ్చి కుళాయి నీళ్ళు, ట్యాంకు నీళ్ళు సీసాల్లో పట్టింది. తర్వాత ఇంట్లో అందరికీ తలో చిన్న డబ్బా ఇచ్చింది. దేనికో చెప్పగానే మా ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నాకెందుకమ్మా, జ్వరమంటే ఏమిటో తెలియని దాన్ని అన్నాను. జ్వరం రానివాళ్ళవి కూడా చూడాలి ఆంటీ అంది. మర్యాదగానే అంది, డబ్బా మాత్రం వెనక్కి తీసుకోలేదు.

నేను సలాడ్ చేత్తో కలుపుతుంటే నిలబడి చూసింది. గరిటెతో కలిపితే ముక్కలకు ఉప్పు పట్టదని చెప్పాను. ఏదో రాసుకుంది. రుచి తెలిసిన పిల్ల అనుకున్నాను.

మార్చి 11

నీళ్ళు బాగానే ఉన్నాయట.

మార్చి 13, మధ్యాహ్నం

నేనే.

ఆ క్రిమి నా ఒంట్లోనే ఉందట. ఎప్పుడు వచ్చిందో, నన్నేమీ చెయ్యకుండా కాపురం పెట్టేసింది. వాళ్ళకు నా చేతి నుంచే చేరింది. ఇంతమంది కడుపు నింపుతున్నానని ఎంత మురిసిపోయానో. ఏడుపు ఆగలేదు. ఆ అమ్మాయి కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఇది మీ తప్పు కాదు ఆంటీ, మందులున్నాయి, తగ్గిపోతుంది అంది. పరీక్షల్లో క్రిమి లేదని తేలేదాకా నేను వంట జోలికి పోకూడదట. వంటిల్లంతా శుభ్రం చేసేదాకా మెస్ మూసెయ్యాలట. బోర్డు మీద ఏం రాయాలని మా ఆయన అడిగితే, మూసి ఉందని రాస్తే చాలు, ఎవరి జబ్బో బయటికి చెప్పడం మా పద్ధతి కాదు అంది. నేను తిట్టిన ఆఫీసు పిల్లే నా పరువు కాపాడింది. చేతులెత్తి దండం పెట్టాను.

మార్చి 20

దర్జీ ఇంటికి వచ్చాడు. వెళ్ళి చెబుతానంటే మా ఆయన వద్దంటాడు. ఆఫీసు వాళ్ళే దాచారు, నీకెందుకే అంటాడు. కోడలు మాత్రం, మీ మనసుకు ఎలా తోస్తే అలా చెయ్యండి అత్తయ్యా అంది. చెప్పకుండా ఆ మనిషికి మళ్ళీ ఎలా వడ్డించను?

మార్చి 21

చెప్పేశాను. కుట్టుమిషను మీద చెయ్యి పెట్టుకుని విన్నాడు. మనిషి సగమయ్యాడు. తిట్టినా బాగుండేది.

జూన్ 12

పరీక్షలన్నీ క్లియర్. ఆ అమ్మాయే ఫోన్ చేసి చెప్పింది. నాకంటే తనకే ఎక్కువ సంతోషంగా ఉన్నట్టుంది. వంటిల్లు శుభ్రం చేయించి మెస్ తెరిచినప్పటి నుంచీ కోడలే వండింది, నేను గల్లా దగ్గర కూర్చున్నాను. ఉప్పు తక్కువైనా నోరెత్తలేదు, కోడలు లేకపోతే మెస్ ఏమయ్యేదో. మునిసిపాలిటీని అన్న మాటల్లో సగం వెనక్కి తీసుకుంటున్నాను. రోడ్ల గురించి అన్నవి మాత్రం అలాగే ఉంటాయి.

దర్జీ ఇంకా రాలేదు.

జూన్ 15

దర్జీ వచ్చాడు. ఒంట్లో బాగయిందా అక్కా అని అడిగాడు. బాగయిందన్నాను. కోడలు వడ్డించబోతే ప్లేటుకు చెయ్యి అడ్డం పెట్టి నా వైపు చూశాడు.

అందరి ముందూ చేతులు కడుక్కుని, గరిటె అందుకున్నాను.