రాజన్న కోర్టులో నిలబడ్డ రోజు

సులై, గురువారం రాత్రి

వెనక నుంచి ట్రక్కు గుద్ది నడుము దెబ్బతిన్న మా మేస్త్రీ రాజన్నకు ఈరోజు కోర్టు పరిహారం ఖాయం చేసింది. అతని మాటలు అరబీలో చెప్పడానికి నేను వెళ్లాను.

"ఆ నొప్పి బరువులు మోయడం వల్ల వచ్చిన పాతదే" అన్నాడు ట్రక్కు కంపెనీ లాయరు.

కూర్చోలేక గోడ పట్టుకుని నిలబడ్డ రాజన్న, "పదకొండేండ్లల్ల నడుము నొప్పని ఒక్కనాడు పని బంద్ పెట్టలె సారూ. హాజరు బుక్కులు తెచ్చిన, చూడుర్రి" అన్నాడు. జడ్జి ఓపికగా పేజీలన్నీ తిప్పాడు.

ట్రక్కు కంపెనీ ఇచ్చినంత తీసుకుని సంతకం పెట్టమని మొన్న చెప్పింది నేనే. విదేశీ పనివాళ్లకు తలకింతని ఇక్కడి సర్కారుకు కట్టే లెవీ భారమని మా కంపెనీ అతన్ని ఎగ్జిట్ మీద ఇంటికి పంపేస్తుందేమోనని ఇంకా భయంగానే ఉంది.

అతను మాత్రం బయటికొచ్చాక, "ఆ ట్రక్కు డ్రైవర్ కొలువు పోదు గదా సారూ?" అని అడిగాడు.

ఆ డ్రైవర్ సంగతి ఇన్నాళ్లూ నాకు తోచనే లేదు.