ఒక గాజుపలకను పారవేయక మునుపు

టౌరంగా, న్యూజిలాండ్
పెద్దాసుపత్రి ల్యాబు అధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: మా చిన్నమ్మాయి జెన్సీ, వయసు పదకొండు, వెన్నులోంచి తీసిన నీరు రాసిన గాజుపలకను పారవేయక మునుపు ఒక్కసారి మైక్రోస్కోపులో చూపించుట గురించి.

కివీ పండ్ల ప్యాక్‌హౌస్‌లో పనిచేయు గ్రేసమ్మ వ్రాసుకొను మనవి. నేను ఏడు వరకే చదివాను. దీన్ని మా పెద్దమ్మాయి లవ్లీ ఇంగ్లీషులో పెట్టి తమకిస్తుంది.

1. జూన్ నెలలో బడిలో మైక్రోస్కోపు పాఠమని పాప మా ఇంటి పెరుగు డబ్బాలో పట్టుకెళ్ళినది. వచ్చి, "మమ్మీ, నీ పెరుగు నిండా బ్యాక్టీరియానే. చిన్న చిన్న చెయిన్స్. రోజూ పాలు పోసి పెంచుతున్నావ్ నువ్వు" అని నవ్వినది. వైరస్ అట్లా కాదంట. ఎవరి ఒంట్లోనన్నా దూరితేనే దానికి బతుకంట.

2. సదరు పాఠమైన తొమ్మిదో రోజున జ్వరం వచ్చినది. క్లినిక్‌లో వైరస్ అయి ఉంటుంది, నీళ్ళు పట్టించి పడుకోబెట్టమన్నారు. వెలుతురు చూడలేనంటే కర్టెన్లు వేసింది నేనే. తలకు బామ్ రాసి ప్రార్థన చేశాను. నిద్రపోయిందనుకుని తలుపు చప్పుడు కాకుండా వేశాను. మరునాడు లేపితే లేవక తమ ఆసుపత్రికి తెచ్చాం, వెన్నులో నీరు తీశారు, తమ ల్యాబులో బ్యాక్టీరియా అని తేలినది. అప్పటికి పాప లేదు.

3. పాప పట్టుకెళ్ళిన ఆ పెరుగు తోడు ఇంకా ఫ్రిజ్‌లో ఉన్నది. మేం తినటం లేదు. పారబోయటానికి చెయ్యి రాదు. రెండ్రోజులకోసారి కొత్త పాలలో వేస్తాను, తోడుకుంటుంది. పాప చూసినవన్నీ బతికే ఉన్నవి. ఫ్రిజ్ తీసినప్పుడల్లా అవి నన్ను చూస్తున్నట్టుంటుంది.

4. పలకలు కొన్నాళ్ళుంచి తీసేస్తారని మా చర్చిలో నర్సు సుశీలమ్మ గారు చెప్పారు. "చూసి ఏం చేస్తావు గ్రేసూ? గులాబిరంగులో చిక్కుడు గింజల్లా రెండేసి ఉంటాయి, అంతే" అన్నారు.

కావున తమరు దయయుంచి, పారవేసే ముందు కబురు చేయించి, ఒక్క నిమిషం చూడనిప్పించవలెను. చేతులు కడుక్కుని వస్తాను. దేన్నీ ముట్టుకోను. ఎవరి మీదా ఫిర్యాదు లేదు. తల్లి మనవిగా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
గ్రేసమ్మ

తా.క.: ఇది రాయొద్దని లవ్లీ అన్నది. సుశీలమ్మ గారు ఇంకో మాట కూడా చెప్పారు. ఆ గింజల చుట్టూ పెద్దవి, గుండ్రంగా ఉంటాయంట. అవి పాప కణాలంట, పోట్లాడటానికి వచ్చినవి. అయ్యా, పాపను మట్టిలో పెట్టేశాం. పలక మీద మిగిలినంత చూపించండి.