ఇంక గాలి దిగదు

అక్కా, కంగారు పడకు, మన చిన్నోడు అన్నం తిన్నాడు. వాడి క్లాసమ్మాయి రోజూ నా సైకిల్ షాపుకి గాలి కొట్టించుకోడానికి వస్తుంటే, తన కోసమే అనుకున్నాడు పిచ్చోడు. నిన్న అడిగేశాడు. "అలాంటిదేం లేదురా, గాలి నిలబడట్లేదు, అందుకే వస్తున్నా" అందంట. అప్పట్నుంచి ముద్ద ముట్టలేదు. నాకేమో ఇలాంటివి మాట్లాడ్డం రాదు కదా. పక్కన కూచుని, నన్ను కూడా ఒకమ్మాయి వద్దందని చెప్పా. నీకెప్పుడూ చెప్పలేదులే.

"ఏడ్చావా?" అన్నాడు.

"ఏడ్చాన్రా" అన్నా.

ఇవాళ ఆ పిల్ల మళ్ళీ వచ్చింది. వాల్వు మీద ఉమ్ము రాసి చూస్తే బుడగొచ్చింది, గాలి పోయేది అక్కడే. కొత్త వాల్వు వాడే వేశాడక్కా, వేస్తే ఇంక ఆ పిల్ల రాదని తెలిసి కూడా. ఆమె వెళ్ళాక "గాలి దిగదు కదన్నయ్యా?" అన్నాడు.

"దిగదురా."

"అయితే పద, ఆకలేస్తుంది" అన్నాడు.